లైను ఖాళీ చెయ్యండి

పోలీసు కంట్రోల్ రూములో ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు సర్వీసు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అందరికీ ఆమె సెట్టక్క. ఇరవయ్యేడేళ్లుగా వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని, ఊళ్లో తిరిగే ముప్పై సెట్లకూ బదులు పలికే మనిషి. ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, పోయారు. గోడమీది పటం మూడుసార్లు మార్చారు. ఆమె కూర్చునే, ఒక చెయ్యి విరిగిన కుర్చీని మాత్రం ఎవరూ మార్చలేదు, ఆమె కూడా అడగడం మానేసింది.

ఆ గదికి కిటికీ లేదు. ఏసీ ఉంది గానీ అది యంత్రాల కోసం పెట్టింది, మనుషుల కోసం కాదు. అందుకే మండుటెండల్లో కూడా ఆమె స్వెట్టరు వేసుకుని కూర్చుంటుంది. ఆడవాళ్ల మరుగుదొడ్డి రెండంతస్తుల పైన. వెళ్లాలంటే ఎవరో ఒకరు వచ్చి కుర్చీలో కూర్చోవాలి. ఆ ఒకరి కోసం ఫోను చెయ్యాలి, వాళ్లు తీరిగ్గా టీ ముగించుకుని వచ్చేదాకా బిగబట్టుకోవాలి. ఈ తతంగం పడలేక ఆమె డ్యూటీలో నీళ్లు తాగడమే మానేసింది. ఈ సంగతి చూసి పోవడానికి రెండు కమిటీలు వచ్చాయి, అయ్యో అన్నాయి, టీలు తాగి వెళ్లాయి. మరుగుదొడ్డి మాత్రం కిందికి దిగలేదు.

ఆమెవి పాము చెవులని డిపార్టుమెంటులో పేరు. ఏ బండి ఇంజను ఎలా దగ్గుతుందో, బటన్ నొక్కాక ఎవరు ఎంతసేపు ఊపిరి తీసుకుని మొదలుపెడతారో ఆమెకు కంఠతా వచ్చు. ఎవరైనా నోరు తెరవకముందే ‘చెప్పండి మూడో బండీ’ అనేది. ఉద్యోగంలో ఆమె గర్వపడేది ఆ ఒక్క విషయానికే.

ఆ సెట్ల లోకంలో ఒక పాడు అలవాటుంది. దాన్ని వాళ్లు ‘టిక్కు కొట్టడం’ అంటారు. ఏమీ మాట్లాడకుండా బటన్ నొక్కి వదిలేస్తే అన్ని సెట్లలోనూ టక్‌మని చప్పుడు వస్తుంది. ఎవరు నొక్కారో చూపించే తెర ఆ పాత సెట్లకు లేదు. కొత్తవి వస్తాయని తొమ్మిదేళ్లుగా చెబుతున్నారు. నచ్చని మనిషి మాట్లాడుతుంటే మధ్యలో టక్, టక్. తిట్టినట్టు కాదు, కొట్టినట్టు కాదు. ఎవరయ్యా అది అని అడిగితే, అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం.

సెట్టక్క కొత్తగా వచ్చినప్పుడు ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే. పదకొండు నెలలపాటు ఆమె నోరు విప్పితే చాలు, ఊరి నాలుగు మూలల నుంచీ టిక్కులే. ఇంటికి వెళ్లి ఏడ్చేది. తర్వాత నేర్చుకుంది. గొంతు బరువు పెంచింది, మాట పొట్టిది చేసింది, ఎదుటివాడికంటే ముందు తనే కసరడం మొదలుపెట్టింది. టిక్కులు ఆగిపోయాయి. ‘మేం పడలేదా, మాకేమైనా అయిందా’ అన్నది అప్పటినుంచి ఆమె ఊతపదం. అత్తా ఒకింటి కోడలే అంటారు. నిజమే గానీ, తన కోడలరికం మర్చిపోని అత్తే మరీ ఎక్కువ సాధిస్తుంది.

ఏడాదిన్నర కిందట ఒక పిల్ల కానిస్టేబుల్ వచ్చింది. ఇరవై నాలుగేళ్లుంటాయి. పరుగులో మగపిల్లల్ని దాటిపోయింది, రాతపరీక్షలో మొదటి పదిమందిలో ఉంది. కొంచెం నత్తి. మామూలు మాటల్లో అంతగా తెలియదు, ‘క’ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇసకలో దిగబడిన చక్రంలా నాలుక అక్కడే తిరుగుతుంది. సెట్టులో ఎవరు మాట్లాడినా ముందుగా అనాల్సిన మాట ‘కంట్రోల్’. నియమం అది. ఆ పిల్ల కోసం దాన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు. సెట్టక్కకూ తోచలేదు.

మూడో బండిలో ఒక హెడ్ కానిస్టేబుల్ ఉండేవాడు, సెట్టక్క బ్యాచివాడే. జోకుల హెడ్డంటారు. రెండో రోజే ఆ పిల్లకు ‘రిపీట్’ అని పేరు పెట్టాడు. వారం తిరిగేసరికి ఇన్‌స్పెక్టర్ కూడా రిపీట్ అనే పిలిచాడు. డ్యూటీ చార్టు మీద ఎవరో పెన్సిలుతో అదే రాశారు. ఆ పిల్లా నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది, చుట్టూ అంతమంది నవ్వుతుంటే. ఎద్దుపుండు కాకికి ముద్దా?

హెడ్డు చెడ్డవాడని మాత్రం ఎవరూ అనలేరు. సెట్టక్క భర్తకు ఆపరేషనైనప్పుడు అడక్కుండానే వచ్చి రక్తమిచ్చి, మంచం పక్కన కూర్చుని అందర్నీ నవ్వించి వెళ్లాడు. చెడ్డవాడైతే పని సులువుగా ఉండేది.

మధ్యలో పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, ‘పనిచేసేచోట పరస్పర మర్యాద’ అని గంటసేపు పాఠం చెప్పాడు. అందరూ హాజరు సంతకాలు పెట్టారు, బిస్కెట్లు తిన్నారు, ఒక కాగితం గోడకు అంటించారు. సాయంత్రం సెట్టులో హెడ్డు, “పరమ గౌరవనీయులైన కంట్రోల్ గారికి, మూడో బండి సవినయంగా విన్నవించుకునేదేమనగా...” అని ఎత్తుకునేసరికి ఊరంతా టిక్కులు. సెట్టక్క కూడా పొట్ట పట్టుకుని నవ్వింది, అబద్ధమెందుకు.

ఆ తర్వాత ఒకనాడు ఆమెది పొద్దున ఆరు నుంచి రెండు దాకా డ్యూటీ. ఆరూ ఇరవైకి రోజూలాగే సెట్లన్నీ ఒక్కొక్కటే పిలిచి చూసింది. ఆ పూట బజారు డ్యూటీ పడిన రిపీట్ సెట్టు ఎదురుగా లాగ్‌బుక్కులో ‘స్పష్టం’ అని తన చేత్తోనే రాసింది. పది నుంచి ఎవరో పెద్దమనిషి రాక అని దారి పొడవునా హడావుడి. ఏ సందులో బండి అడ్డొచ్చినా కంట్రోల్, ఏ మలుపులో కుక్క అడ్డొచ్చినా కంట్రోల్. పదకొండున్నరకు ఆమె పైకి వెళ్లి రావాలని మనిషిని అడిగింది. పన్నెండుకు మళ్లీ అడిగింది. రాలేదు. నడుం లాగుతోంది, పొత్తికడుపు రాయిలా ఉంది.

పన్నెండూ నలభై ఒకటికి సెట్టు గరగరలాడింది.

“క... క...”

టక్, టక్. వెంటనే అందుకున్నారు. ఎవరో గొంతు మార్చి “క్క... క్క...” అని కోడిలా కూశారు. ఇంకెవరో నవ్వారు. ఆ పిల్ల బటన్ వదల్లేదు. “క... కం... క...” అంటూనే ఉంది. వెనకాల ఏదో గోల.

సెట్టక్క మైకు లాక్కుంది. “లైను ఖాళీ చెయ్యండి. ముందు మాట్లాడటం నేర్చుకుని తర్వాత సెట్టు పట్టుకోండి.”

లైను ఖాళీ అయింది. ఆమె లాగ్‌బుక్కులో ఏమీ రాయలేదు. గోల చేసినవాళ్ల గోలంతా పుస్తకానికెక్కిస్తే పుస్తకాలెన్ని చాలాలి!

పదకొండు నిమిషాల తర్వాత ఒక కొట్టువాడు ఫోను చేశాడు. కొట్ల ముందు జాగా కోసం రెండు వర్గాలు కొట్టుకుంటున్నాయని, విడదీయబోయిన లేడీ పోలీసు కింద పడిపోయి ఉందని చెప్పాడు. సెట్టక్కే బండ్లను పంపింది. గొంతు వణకలేదు. మూడో బండి అందరికంటే ముందు చేరింది. అప్పటినుంచి డ్యూటీ దిగేదాకా సెట్లో ఒక్క వెకిలి కూత లేదు, ఒక్క టిక్కు లేదు. అందరూ తేలు కుట్టిన దొంగలే.

ఆ పిల్లకు భుజం దగ్గర ఎముక విరిగింది, కుడిచేతి రెండు వేళ్లు చితికాయి. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపూ అవతలివాళ్ల మాట మనకు వినబడదు. ఆ పిల్ల బటన్ వదిలి వినేలోపే ఎవడో సెట్టును కర్రతో కొట్టి పడేశాడు. అందువల్ల ఆస్పత్రిలో ఇచ్చిన వాంగ్మూలంలో ఆ పిల్ల చెప్పింది ఇంతే. కంట్రోల్‌ని పిలిచాను, అందలేదు, బ్యాటరీ అయిపోయిందేమో తెలియదు.

ఆ ‘ఏమో’ను ఇన్‌స్పెక్టర్ రెండు చేతులా పట్టుకున్నాడు. వారం తర్వాత సెట్టక్కను తన గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. ఇరవయ్యేడేళ్లలో ఆ గదిలో ఆమెను ఎవరూ కూర్చోమనలేదు.

“విచారణకి పై నుంచి మేడమ్ వస్తున్నారమ్మా. మీరు పెద్దగా చెప్పాల్సిందేం లేదు. పన్నెండూ నలభై ఒకటికి లాగ్‌లో ఏమీ లేదు. లాగ్‌లో లేదంటే మెసేజ్ రాలేదు. రాలేదంటే సెట్టు పనిచెయ్యలేదు. అంతేగా?”

“పొద్దున పనిచేసింది సార్.”

“పొద్దున పనిచేసింది, మధ్యాహ్నానికి బ్యాటరీ పడిపోయింది. రెండో బ్యాటరీ వెంట ఉంచుకోలేదు.”

“అలా రాస్తే ఆ పిల్ల నిర్లక్ష్యం అవుతుంది కదా సార్. ప్రొబేషన్‌లో ఉంది. తీసేస్తారు.”

ఇన్‌స్పెక్టర్ బల్లమీది కాగితాలను సర్దాడు. “ఒక్కతే కదా. లేదంటే మీరు, మీతోపాటు ఎంతమందో. పరువు సంగతి సరేసరి. ఆ అమ్మాయికి కూడా ఈ ఉద్యోగం... ఎందుకమ్మా చెప్పండి? ఏదైనా స్కూల్లోనో ఆఫీసులోనో హాయిగా ఉంటుంది.” ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. అది విని సెట్టక్కకు ఒళ్లు మండింది. కానీ తనన్న మాట గుర్తొచ్చి ఆ మంట ఎటు తిరగాలో తెలియక అక్కడే ఆరిపోయింది.

బయట మెట్ల దగ్గర హెడ్డు నిలబడి ఉన్నాడు. జోకు వెయ్యలేదు. “అక్కా, నేను నొక్కింది రెండుసార్లే. ఒట్టు” అన్నాడు. నాకు తెలుసు, మొదటి రెండూ నీవే అని ఆమె అనలేదు. చెవులు అంత బాగా పనిచెయ్యడం ఇంత శిక్ష అవుతుందని ఎవరనుకున్నారు!

ఆ సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతూ భర్తకు చెప్పింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి, మోకాలికి నూనె రాసుకుంటూ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

“సెట్టు పాడైందని చెబితే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. పాడవలేదని చెబితే నా పని అయిపోతుంది.”

“నిన్ను తీసెయ్యరులే. మూలన పడేస్తారు.”

“ఇప్పుడున్నది మూల కాక మరేంటి?”

“రిటైర్మెంటుకి రెండేళ్లు. కళ్లు మూసుకుంటే గడిచిపోతాయి.”

“నేను మూసుకోవాల్సింది కళ్లు కాదు కదండీ. చెవులు.”

ఆయన నవ్వబోయి ఆగాడు. ఆమె కత్తి పక్కన పెట్టింది.

“వెనకాల అరుపులు వినబడ్డాయి నాకు. కొట్టుకుంటున్న అరుపులు. బజారు గోలకీ కొట్లాట గోలకీ తేడా నాకు తెలియదూ? తెలిసింది. తెలిసేలోపు నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవచ్చు, ‘చెప్పమ్మా’ అనొచ్చు. ఒంటేలుకి పోవాలన్న చికాకులో ఉన్నానండీ. అంతకంటే పెద్ద కారణమేం లేదు.”

ఆమె ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. ఆయన లేచి వచ్చి, ఆమె పక్కన పెట్టిన కత్తి తీసుకుని మిగిలినవి తరిగాడు.

విచారణకు వచ్చిన అధికారి సెట్టక్క కంటే పదేళ్లు చిన్నది. పొద్దుటినుంచి పన్నెండుమందిని విని అలసిపోయి ఉంది. పన్నెండుమందీ ఒకే పాఠం అప్పజెప్పారని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఇన్‌స్పెక్టర్ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

“ఆ సమయానికి మెసేజ్ ఏదైనా వచ్చిందా?” చదివి చదివి అరిగిపోయిన ప్రశ్నలా అడిగింది.

“వచ్చింది మేడమ్.”

ఇన్‌స్పెక్టర్ దగ్గాడు. అధికారి కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుంది.

“సెట్టు బాగానే పనిచేసింది. ఆ అమ్మాయి ‘కంట్రోల్’ అనడానికి ఐదుసార్లు ప్రయత్నించింది. టిక్కులు కొట్టారు. ఒకరు కోడిలా కూశారు. నేను...” సెట్టక్క ఆగి, తనన్న రెండు వాక్యాలనూ అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. “అలాగే రాసుకోండి.”

“మరి లాగ్‌బుక్కులో ఎందుకు లేదు?”

“అప్పుడు అల్లరి అనుకుని రాయలేదు. పదకొండు నిమిషాల తర్వాత తెలిసింది, అప్పుడు భయపడి రాయలేదు.”

“టిక్కులు ఎవరివో చెప్పగలరా? సెట్టు మీద నంబరు పడదు కదా.”

“నంబరు అక్కర్లేదు మేడమ్” అని నలుగురి సెట్లు చెప్పింది. మొదటిది మూడో బండి. అది చెప్పేటప్పుడు భర్త చేతికి ఎక్కిన రక్తం సీసా కళ్ల ముందు కదిలింది. అయినా చెప్పింది. “కానీ నలుగురి పేర్లతో ఆపకండి. ఇరవయ్యేడేళ్లుగా ఈ టిక్కుల్ని రోజూ విన్నది నేను. మొదట్లో నామీదే కొట్టారు. మిగతావాళ్లు పడుతుంటే, పడనీ, రాటుదేలతారు అనుకున్నాను. ఒక్కసారి, ‘ఎవరది, ఆపండి’ అని ఈ నోటితో అని ఉంటే ఆగేది. ఆ కుర్చీలో ఉన్నదాన్ని నేనే కదా.”

అధికారి రాసుకోవడం ఆపి ఆమె వైపు చూసింది. “మంచినీళ్లు తాగుతారా?” అని అడిగింది. సెట్టక్క వద్దని తలూపింది. అలవాటు.

పది రోజుల్లో నిర్ణయం వచ్చింది. ఆ పిల్ల మీద నిర్లక్ష్యం మాట కొట్టేశారు, ఉద్యోగం నిలిచింది. నలుగురికి మెమోలు, ఇన్‌స్పెక్టర్‌కు ఒక హెచ్చరిక. మర్యాద మీద మరో గంట పాఠం, ఈసారి పరీక్ష కూడా పెడతారట. తిలాపాపం తలా పిడికెడు పంచేసి ఫైలు కట్టేశారు. సెట్టక్కను సెట్టు నుంచి తప్పించి, పాత ఫైళ్ల గదికి వేశారు. అక్కడ ఎవరూ మాట్లాడరు. మరుగుదొడ్డి పక్కనే ఉంది, అదొక్కటి సుఖం. హెడ్డు వరండాలో ఎదురుపడితే గోడవైపు తిరిగి ఫోను చూసుకుంటాడు. మిగతావాళ్లు “నమస్తే అక్కా” అంటారు గానీ ఆగరు. తప్పు ఒప్పుకుంటే గుండె బరువు దిగుతుందని చెప్పినవాళ్లెవరో ఆమెకు కనబడితే నాలుగు మాటలు అడగాలని ఉంది.

రెండు నెలలకు ఆ పిల్ల తిరిగి డ్యూటీలో చేరింది. చేరిన రోజే ఫైళ్ల గదికి వచ్చింది. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా లేవడం లేదు. తిడితే ఏమనాలో, కృతజ్ఞత చెబితే ఏమనాలో, సెట్టక్క రెంటికీ మాటలు సిద్ధం చేసుకుని ఉంది. ఆ పిల్ల తిట్టలేదు, కృతజ్ఞతా చెప్పలేదు.

“నేను పిలిచింది వినబడిందటగా అక్కా?”

“వినబడింది.”

“వెనకాల అరుపులు కూ... కూడానా?”

“అవీ వినబడ్డాయి తల్లీ.”

ఆ పిల్ల అరలోని ఫైళ్ల అంచులు చూస్తూ నిలబడింది. “ఆస్పత్రిలో పడుకున్నన్నాళ్లూ ఆ బ్యాటరీని తిట్టుకున్నాను. ఎవరికీ వినబడలేదు క... కదా, వినబడితే వచ్చేవాళ్లేగా అనుకునేదాన్ని. అదే నయంగా ఉండేది.”

సెట్టక్క స్టూలు ముందుకు జరిపింది. ఆ పిల్ల కూర్చోలేదు.

“మీరూ, ఆ నలుగురూ. ఇంకా ఎ... ఎంతమందికి వినబడింది?”

అబద్ధం చెప్పొచ్చు. అంతమందికి తెలియదులే అనొచ్చు. ఈ పిల్ల రేపటినుంచి వాళ్ల మధ్యే తిరగాలి, వాళ్లతోనే బండెక్కాలి. కానీ ఆ పిల్ల అడిగింది ఓదార్పు కాదు.

“అందరికీ” అంది సెట్టక్క. “ఊళ్లో ఉన్న ప్రతి సెట్టులోనూ వినబడింది. అందరం విన్నాం.”

ఆ పిల్ల తల నెమ్మదిగా ఊపింది. ఒక్కొక్కరి ముఖమే తలుచుకుంటున్నట్టు ఆ తల చాలాసేపు ఊగుతూనే ఉంది.

“వాళ్లంతా ఆస్పత్రికి వచ్చారక్కా. పళ్లు తెచ్చారు, త... తలగడలు సర్దారు, నవ్వించారు. ఒక్కరూ రాకుండా లేరు. మీరొక్కరే రాలేదు.”

సెట్టక్క నోరు తెరిచింది. ఇరవయ్యేడేళ్లు ఊరందరికీ క్షణంలో బదులిచ్చిన గొంతు పెగల్లేదు. ఏదో మొదలుపెట్టి ఆగింది, మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగింది. ఆ పిల్ల తొందరపెట్టలేదు, మాట అందించలేదు. ఆమె చెప్పేదాకా ఎదురుగా అలాగే నిలబడింది.